మెడ మీద నీడ

పోయిన వారం దేవిదాసును బోధన్ బస్టాండులో బస్సు దింపి, భుజాన కెమెరా సంచితో అక్కడే వదిలేశాం. పాపం, వారం రోజులుగా వాడు అక్కడే నిలబడి ఉన్నాడు. కాళ్ళు వాచిపోయాయి. పక్కన మక్కకంకులు కాల్చే ఆమె "ఎవలి కోసం బిడ్డా" అని అడిగి అడిగి విసిగిపోయి, తన కుంపటిని అవతలి గేటు దగ్గరికి మార్చుకుంది. ఇంకా ఆలస్యం చేస్తే బస్సులవాళ్ళు వాడి నడుముకు ప్లాట్‌ఫారం నెంబరు రాసి రంగు వేస్తారు. అందుకని ఇక నడిపిద్దాం.

అయితే మధ్యలో వచ్చి కూర్చున్న వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మొదటి నుంచి చదువుతున్నవాళ్ళు ఈలోగా చుట్ట వెలిగించుకోండి.

ఇది ఎనభై ఏడో సంవత్సరం, చెరుకు కొట్టే రోజులు. ఎడపల్లి దాటాక వాగవతల ఒక ఊరు ఉంది. పేరు అడగకండి, ఆ ఊరివాళ్ళు నాకు ఇప్పటికీ బెల్లం పంపిస్తారు. అక్కడి చాయ హోటలు బయటి గోడకు ఒక ఇనుప మొల కొట్టి ఉంటుంది. దానికి నాలుగు గ్లాసులు వేలాడుతుంటాయి. మాలవాడ నుంచి, మాదిగవాడ నుంచి వచ్చినవాడు ఆ గ్లాసు తీసుకుని, తానే కడుక్కుని, నేల మీద కూర్చుని చాయ తాగి, మళ్ళీ కడిగి మొలకు తగిలించి పోవాలి. బల్ల మీద కూర్చునేవాళ్ళకు లోపలి గ్లాసులు. నిజామాబాదులో బీడీలు చుట్టే చంద్రవ్వ కొడుకు, నా దగ్గర ఫొటో పని నేర్చుకున్న మన దేవిదాసు, ఆ మొలకు ఫొటో తీశాడు. అంతటితో ఊరుకుంటే ఈ నవల రెండు వారాల్లో ముగిసేది. చెరుకు కొట్టే తుకారాం అనే ఇరవై రెండేళ్ళవాడు, మాలవాడ మనిషి, "మొలను ఏం దీస్తవన్నా, నన్ను దియ్యి" అని బల్ల మీద దర్జాగా కూర్చుని, లోపలి గ్లాసుతో చాయ తాగాడు. దేవిదాసు అదీ తీశాడు. ఆ ఫొటో పత్రికలో వచ్చింది. వచ్చిన తొమ్మిదో నాడు తుకారాం చచ్చిపోయాడు.

చెరుకు లారీ మీద నుంచి పడ్డాడని ఊరి పెద్ద లక్ష్మీరాజం పటేలు చెప్పాడు. కాయితాల్లో అదే రాశారు. శవాన్ని డాక్టరుకు చూపించలేదు. దేవిదాసు పొద్దున్నే సైకిలు మీద పోయి, పూడ్చే ముందు శవానికి ఒక ఫొటో తీశాడు. ఫిల్ము రోలులో ఆ ఒక్క ఫొటోకే చోటు మిగిలింది. ఆ రోలును నా స్టూడియో కిటికీలోంచి లోపలికి జారవిడిచి, హైదరాబాదు బస్సెక్కాడు. పది రోజులు ఆఫీసుల మెట్లెక్కి దిగి, చివరికి ఒక అధికారిని విచారణకు ఒప్పించాడు. విచారణ రేపు సోమవారం, డాక్ బంగళాలో.

అదీ వాడి సంగతి. ఇక ఈ పది రోజులూ నేను వెలగబెట్టిన సంగతి.

నేను బాలనర్సయ్యను. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివినవాణ్ణి. బోధన్‌లో ఫొటోలు దిద్దే పని నలభై ఏళ్ళుగా చేస్తున్నాను. మంజీరలో చేప నా కెమెరా మింగిందనీ, కడుపు కోసి కెమెరా తీస్తే అందులో చేప తీసిన ఫొటోలు పన్నెండు ఉన్నాయనీ మీకు నాలుగో వారంలో చెప్పాను. మేం నమ్మం అని కొందరు ఉత్తరాలు రాశారు. రాస్తే రాశారు. బోధన్‌లో కూడా ఎవడూ నమ్మడు. అయినా ఆ కథ చెప్పకుండా నన్ను హోటల్లోంచి లేవనివ్వరు.

దిద్దడమంటే ఏమిటో చెప్పాలి. కిటికీ దగ్గర ఒక ఏటవాలు బల్ల. మధ్యలో మసక అద్దం, కింద మామూలు అద్దం. ఎండ కింది అద్దం మీద పడి పైకి లేస్తుంది. ఆ వెలుగులో నెగెటివ్ పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహం బాగుచేస్తాను. నెగెటివ్‌లో అంతా తలకిందులు. పెన్సిలుతో గీసిన చోటు ఫొటోలో తెల్లబడుతుంది. బ్లేడుతో గీకిన చోటు నల్లబడుతుంది. మశూచి మచ్చలు పోతాయి, నల్లపిల్ల చామనఛాయ అవుతుంది, బోసినోటికి పళ్ళు మొలుస్తాయి. రెంజల్ ఆసామి ఒకాయన నేను దిద్దిన ఫొటో చూసుకుని, తన మీసం ఫొటోలో ఉన్నంత పెరిగేదాకా గడప దాటలేదు. ఈలోగా ఆయన పసుపు పంట దున్నపోతులు మేశాయి.

కానీ నాకు అసలు పేరొచ్చింది చచ్చినవాళ్ళ వల్ల. మా వైపు చాలామందికి బతికుండగా ఫొటో ఉండదు. చచ్చాక శవానికి తీయిస్తారు. ఆ నెగెటివ్ నా దగ్గరికి తెస్తే నేను కళ్ళు తెరిపిస్తాను. ముక్కులో దూది తీసేస్తాను, వాపు చెక్కుతాను, దవడకు కట్టిన గుడ్డ మాయం చేస్తాను. పదకొండో నాడు పటానికి దండ వేస్తే, పోయినవాడు పెళ్ళికి వచ్చిన మామలా కూర్చుని ఉంటాడు. ఒక యమభటుడు నేను చేసిన పటం చూసి, బతికున్నవాణ్ణి పొరపాటున పట్టుకుపోయానేమో అనుకుని సగం దారిలోంచి వెనక్కి వచ్చాడంటే చూసుకోండి.

ఇక దేవిదాసు నడుచుకుంటూ వచ్చేశాడు. గుమ్మంలోనే అరిచాడు.

"కాకా! సారు వస్తుండు! రేపు పదకొండు గంటలకు. ఆ రోలు కడిగినవా?"

"కడిగిన, ఎండపెట్టిన, అన్నీ చేసిన. కూసో. బస్సుల ఊగి ఊగి నీ మొకమే నెగెటివ్ లెక్క అయ్యింది."

"కూసునుడు కాదు కాకా. పెద్ద ప్రింటు తియ్యాలె. గోడకు పెడితే అవతలి గోడ కాడికి కనవడాలె. ఆ సారు ఒక్కటే అడిగిండు, ఊరోళ్ళ మాట కాదు, కండ్లకు కనవడేది ఏమన్న ఉన్నదా అని. ఉన్నది సార్ అన్న. ఒక్కటి ఉన్నది అన్న."

"నువ్వు అడగకముందే పెద్దది తీసిన. ఫ్రేము గూడ కట్టిన."

వాడు నన్ను రెండు చేతులతో వాటేసుకున్నాడు. వాడి ఒంటి మీద పది రోజుల చెమట వాసన. నేను బీరువా వెనక నుంచి పటం తీసి, గుడ్డతో అద్దం తుడిచి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు నెమ్మదిగా తిప్పాను.

ఆ పటం నిజంగా నా చేతి పనుల్లో గొప్పది. తుకారాం సూటిగా చూస్తున్నాడు. కళ్ళలో చిన్న మెరుపు పెట్టాను. చెంపలు నున్నగా, నుదురు తేటగా ఉంది. పెదవి మీద నవ్వు లేదు, కానీ ఎవరన్నా పలకరిస్తే నవ్వేలా ఉంది.

దేవిదాసు చాలాసేపు చూశాడు.

"గిది ఎవరు కాకా?"

"గదేందిరా. తుకారామే."

"తుకారాం కండ్లు మూసుకొని ఉండె."

"తెరిచిన."

"దవుడ వాచి ఉండె. గింత."

"చెక్కిన. ఎన్క గోడ నల్లగుండె గదా, బ్లేడుతోని అంచు గీకితే గోడల కలిసిపోయింది. సూడు, తెలుస్తున్నదా?"

"మెడ?"

మెడ దగ్గర నేను ఇంకా గొప్ప పని చేశాను. గదవ కింద, అంటే గడ్డం అడుగున, బ్లేడుతో సన్నగా, ఓపికగా, చెవి నుంచి చెవి దాకా గీకి ఒక నీడ దించాను. మంచి స్టూడియోలో పక్క లైటు వేస్తే పడే నీడలా ఉంటుంది. మెడ మొత్తం ఆ నీడలోకి పోయింది.

"మెడ మీద గుర్తు ఉండె కాకా. తాడు గుర్తు. నేను దాని కోసమే తీసిన."

అప్పుడు నాకు అర్థం కాలేదని చెప్పలేను.  పటాన్ని బల్లకు ఆనించి కూర్చున్నాను.

"సూసిన," అన్నాను.

"సూసినవా?"

"సూసిన బిడ్డా. సూసే కప్పిన."

ఇది బయటివాళ్ళకు చెబితే తెలియదు. ఉరి పెట్టుకున్నవాళ్ళ ఫొటోలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. అప్పులోడు, కడుపునొప్పి భరించలేనిది, మొగుడితో పడలేనిది. ఇంటివాళ్ళు నోరు తెరిచి చెప్పరు. ఫొటో ఇచ్చి తల దించుకుంటారు. మెడ మీద గీత కనబడితే నేనే ఒక నీడ దించేస్తాను. వాళ్ళూ అడగరు, నేనూ చెప్పను. రేపు చుట్టాలు వచ్చి పటం చూసి గుసగుసలాడకూడదు. మా పనిలో ఇదొక మర్యాద. దేవిదాసు తీసిన గ్లాసుల ఫొటోల మీద నేను ఏనాడూ పెన్సిలు పెట్టలేదు, అవి వాడివి. చచ్చినవాడి ఫొటో మాత్రం ఇంటివాళ్ళది. మూడో నాడు తుకారాం తల్లి సాయవ్వ వచ్చి గుమ్మం కింద నిలబడి, "నా కొడుకు కండ్లు దెరిపియ్యి అయ్యా, కండ్లు మూసిన మొకానికి దండ ఎయ్యలేను" అంది. లారీ మీద నుంచి పడ్డాడని బజారంతా అంటున్నారు. నెగెటివ్ వెలుగుకు పెడితే మెడ మీద గీత. ఓహో, ఉరి వేసుకున్నాడు, ఊరు లారీ అని కప్పిపుచ్చుతోంది, తల్లి నాకు చెప్పలేకపోతోంది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఉరి అనుకున్నవా కాకా?"

"అనుకున్న."

"నలభై ఏండ్లు సూసినవ్. ఉరి గీత ఎట్లుంటది?"

"ఎట్లుంటది అంటే... గదవ కింద మొదలైతది. రెండు దిక్కుల చెవుల ఎన్కకు, పైకి పోతది. బరువు కిందికి గుంజుతది గదా..."



"ఇది ఎట్లుండె కాకా?"

"అడ్డంగ," అన్నాను. "సుట్టూ. ఎడ్లకు తలుగు తాడు ఏసినట్టు. రెండు వేళ్ళ మందం."

"గుంజుకపోయిండ్రు కాకా వాన్ని. లారీకి కట్టి గుంజుకపోయిండ్రు."

వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. నెగెటివ్ ఇమ్మన్నాడు. కవరులోంచి తీసి ఇచ్చాను. బల్ల మీద పెట్టి, భూతద్దం తీసుకుని చూశాడు. వాడికి ఆ పని నేర్పింది నేనే కాబట్టి, ఏది పెన్సిలో ఏది బ్లేడో వాడికి చెప్పక్కర్లేదు. పెన్సిలు గీత దూదితో తుడిస్తే పోతుంది. బ్లేడు గీకింది గీకిందే. ఫిల్ము మీది పొరే లేచిపోతుంది. దాని కింద ఏమీ ఉండదు.

అయినా దూది తీశాడు, టర్పెంటైను సీసా మూత తీశాడు. నుదుటి మీద నుంచి తుడవడం మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడ్డాను. నుదుటి మీద నేను మూడు రోజులు వేసిన పెన్సిలు నల్లగా దూదికి అంటింది. దాని వెనక కనుబొమ్మ మీద చీలిక మెల్లగా పైకి తేలింది.

"వచ్చింది రా! దెబ్బ వచ్చింది!"

"ఇది లారీ మీదికెల్లి పడ్డా తగుల్తది కాకా," అన్నాడు వాడు. తల ఎత్తలేదు.

కళ్ళ దగ్గర తుడిచాడు. నేను వేసిన తెల్లగుడ్డు పోయింది. బ్లేడుతో గీకిన నల్లగుడ్లు మాత్రం మూసిన రెప్పల మీద రెండు రంధ్రాల్లా మిగిలాయి. మెడ దగ్గరికి వచ్చాడు. తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. దూది మారుస్తూ తుడిచాడు. తెల్లదూది తెల్లగానే వచ్చింది. తుడవడానికి అక్కడ ఏమీ లేదు.

అప్పుడు దూది కిందపడేసి గుమ్మం వైపు చూశాడు.

నా స్టూడియో గుమ్మం పక్కన ఒక అద్దం ఉంది. ఫొటో దిగడానికి వచ్చినవాళ్ళు పౌడరు రాసుకుని తల దువ్వుకుంటారు. అద్దం దగ్గర ఒక దువ్వెన ఉంటుంది. గుమ్మం బయట, గోడకు కొట్టిన మొలకు దారంతో ఇంకొక దువ్వెన వేలాడుతుంటుంది.

"ఆ హోటలు గోడకున్న మొల నీ గోడకు గూడ ఉన్నది కాకా," అన్నాడు. "ఐదేండ్ల సంది సూస్తున్న. ఎన్నడూ దాని ఫొటో తియ్యలే. నువ్వు నా కాకవు అని."

 

అదే సమయానికి సాయవ్వ వచ్చింది. రేపు పదకొండో నాడు, పటం తీసుకుపోవడానికి. మూడో నాడు నిలబడినట్టే గుమ్మం కింద, దువ్వెన వేలాడే గోడ పక్కన నిలబడింది. లోపలికి రమ్మని నేను అనేలోగా దేవిదాసు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఫొటోలకు కూర్చునే ఎత్తుపీట మీద కూర్చోబెట్టాడు. ఆ పీట మీద ఆమె అంచుకు కూర్చుంది, ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా.

పటం ఆమె ఒడిలో పెట్టాను. చూసింది. కొంగుతో అద్దం మీద కొడుకు చెంప తుడిచింది.

"గిట్లనే సూస్తుండె," అంది. "కూలికాడికి పోయేటప్పుడు సద్ది ఇయ్యమని గిట్లనే సూస్తుండె. నీ సేతులు సల్లగుండ అయ్యా."

దేవిదాసు ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. అంతా చెప్పాడు. తన ఫొటో పత్రికలో రాకుంటే తుకారాం బతికేవాడని కూడా చెప్పాడు. అది ఆమె అడగలేదు.

"గా ఫొటో నువ్వు దియ్యలే బిడ్డా. వాడు దియ్యమన్నడు," అంది ఆమె. "ఇంటికొచ్చి సెప్పిండు, అవ్వా, ఇయ్యాల బల్ల మీద కూసున్న అని. నేను గోలిగోలి ఏడ్సిన, వద్దు కొడుకా అని. వాడేమో, చాయ గా గ్లాసుల గూడ గదే రుసి అవ్వా, ఏం తేడా లేదు అని నవ్విండు."

తర్వాత మెడ సంగతి చెబితే, తన రెండు అరచేతులు తిప్పి చూసుకుంది.

"నేనే కడిగిన. పసుపు వెట్టిన. మెడ సుట్టు ఏలు వెడితే ఏలు దిగవడ్డది. గీ సేతులకు ఎర్కే."

"సేతుల మాట ఆ సారు రాసుకోడవ్వా. కండ్లకు కనవడేది కావాలె అన్నడు."

"మరి గీ పటం ఉన్నది గదా?"

 నేనే చెప్పాను, ఈ పటంలో మెడ కనబడదని, కనబడకుండా చేసింది నేనేనని. ఆమె నన్ను తిట్టలేదు. పటాన్ని వెలుగు వైపు వంచి, మెడ దగ్గరి నీడను చూసింది. పక్కకు వంచింది. తలకిందులు చేసింది. నీడ ఎటు వంచినా నీడే.

ఇక్కడితో ఈ వారం ఆపేసి ఉంటే మీకూ నాకూ కొంత మేలు. కానీ ఆమె లేవబోతూ ఇంకొక మాట అంది.

"అయితే పటేలు కాడున్న ఫొటోల గూడ మెడ కనవడదా అయ్యా?"

"పటేలు కాడ ఫొటో ఎక్కడిదవ్వా?" అని దేవిదాసు లేచాడు.

ఐదో నాడు నేను ఆమెకు ముందుగా ఒక చిన్న కాపీ ఇచ్చాను. పెద్దది అయ్యేలోగా కళ్ళారా చూసుకుంటుందని. మొన్న పటేలు దగ్గర జీతం ఉండే నర్సన్న వచ్చి, "పటేలు ఆఫీసుల కాయితాలకు వెడ్తడట, ఫొటో ఉంటే ఇయ్యి అక్కా" అన్నాడట. ఇచ్చింది. నర్సన్న వాళ్ళ వాడకట్టువాడే, తుకారాముకు వరసకు మేనమామ. ఎందుకివ్వదు?

ఆ కాపీ వెనక నా స్టూడియో ముద్ర ఉంది. ఇంకు ఎండేదాకా ఊదుతూ, నేనే వేశాను.

మరునాడు పదకొండు గంటలకు డాక్ బంగళా వరండా నిండింది. ఊరి పెద్దలు కుర్చీల్లో, మిగతావాళ్ళు మెట్ల కింద. సాయవ్వ పదకొండో నాడు చేయవలసినవి పొద్దున్నే ముగించి, పటం ఒడిలో పెట్టుకుని మెట్ల దగ్గర నేల మీద కూర్చుంది. పటానికి బంతిపూల దండ ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మంచివాడే అనిపించింది. అందువల్ల ఇంకా భయం వేసింది.

లక్ష్మీరాజం పటేలు చేతులు జోడించి లేచి, కవరులోంచి నా ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు.

"పూడ్సిపెట్టే ముందు తీసింది సార్. తీసింది గూడ వాళ్ళ మనిషే. మా మీద మన్నుబోసేటోడే తీసిండు. మీరే సూడుండ్రి. గీ పోరని మీద ఎవలన్న చెయ్యేసినట్టు ఉన్నదా?"

అధికారి ఫొటో తిప్పి ముద్ర చూశాడు. దేవిదాసును పిలిచాడు.

"ఇది మీరు తీసిందేనా?"

"తీసింది నేనే సార్. కానీ..."

"శవానికి కళ్ళు తెరిచి ఉన్నాయేమిటి?"

అప్పుడు నేను ముందుకు పోయాను. నలభై ఏళ్ళలో మొదటిసారి, ఉన్నదున్నట్టు ఒక మాట చెప్పడానికి నోరు తెరిచాను.

"కండ్లు నేను తెరిచిన సార్. దవుడ నేను చెక్కిన. మెడ మీద తాడు గుర్తు ఉండె, సుట్టూ అడ్డంగ, రెండు వేళ్ళ మందం. అది నేనే..."

ఎవడో వెనక కిసుక్కుమన్నాడు. పటేలు నవ్వలేదు. చాలా గౌరవంగా అన్నాడు.

"సార్, ఈ పెద్దమనిషి బాలనర్సయ్య అని, బోధన్‌ల పేరుమోసిన మనిషి. బాలనర్సన్నా, సారుకు గా మంజీర చేప ముచ్చట సెప్పరాదే? సార్, చేప ఈన కెమెరా మింగిందట. కడుపు కోస్తే అండ్ల చేప తీసిన ఫొటోలు ఎన్ని ఉండెనే, పదా, పన్నెండా?"

వరండా అంతా గొల్లుమంది. మెట్ల కింద ఉన్నవాళ్ళూ నవ్వారు. వాళ్ళను నేనేమీ అనలేను, ఆ కథ వాళ్ళకు చెప్పి నవ్వించింది నేనే. అధికారి కూడా పెదవి బిగబట్టాడు.

"నిజం సారూ, ఇది నిజం," అన్నాను. ఆ మాట నేను చేప కథ చివర కూడా అంటాను. ఇంకా నవ్వారు.

దేవిదాసు తుడిచిన నెగెటివ్ తీసి బల్ల మీద పెట్టాడు. అధికారి దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. రెప్పల మీద రెండు రంధ్రాలు, కనుబొమ్మ మీద చీలిక, మెడ ఉండవలసిన చోట గీకిన ఖాళీ.

"నుదుటి మీది దెబ్బ లారీ మీద నుంచి పడటం వల్ల కూడా కావచ్చు," అన్నాడు. "మెడ దగ్గర నాకేమీ కనిపించడం లేదు."

"తీసేసేటోడు పెట్టనూ పెడ్తడు సార్," అన్నాడు పటేలు. "మా హోటల్ల గ్లాసులని పత్రికల ఏసిండ్రు. అవి గూడ ఎవలు దిద్దిండ్రో?"

దేవిదాసు గోడకు ఆనుకున్నాడు. ఐదేళ్ళుగా తీసిన ప్రతి ఫొటో, చేతిలో చెప్పులు పట్టుకుని పటేలు ఇంటి ముందు నడిచే ముసలాయన, బోరింగుకు దూరంగా బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు, మొలకు వేలాడే గ్లాసులు, ఆ ఒక్క మాటతో అన్నీ నా చేప కడుపులోకి పోయాయి.

అధికారి కాయితాలు సర్దుకున్నాడు. అలవాటుగా అడిగాడు.

"ఇంకెవరి దగ్గరైనా ఏదైనా సాక్ష్యం ఉందా?"

సాయవ్వ లేచింది. పటాన్ని మెట్టు మీద, గోడకు ఆనించి పెట్టింది.

"ఉన్నది సారూ."

"ఏమిటమ్మా?"

"నా కొడుకున్నడు. వాగు ఒడ్డున. నేనే మన్ను బోసిన." నా వైపు చెయ్యి చూపించింది. "నా సేతుల మాట రాసుకోరంటిరి. గీ అయ్య మాటకు నవ్వబడ్తిరి. బొంద తవ్వుండ్రి. మెడ సూడుండ్రి. తోలు ఉండదేమో, పదకొండు దినాలాయె. బొక్కలన్న సెప్తయి గదా."

ఎవరూ నవ్వలేదు. అధికారి కలం మూత తీశాడు. "శవాన్ని వెలికి తీయించే అధికారం నాకుంది," అన్నాడు, తనకు తానే గుర్తు చేసుకున్నట్టు. దేవిదాసు గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు.

నేను మొహాలు చూసి బతికినవాణ్ణి. లక్ష్మీరాజం మొహం చూశాను. అక్కడ భయం ఉండాలి. లేదు. ఆయన అధికారి వైపు చూడనే లేదు. స్తంభం దగ్గర తన గొడుగు పట్టుకుని నిలబడ్డ నర్సన్న వైపు చూస్తున్నాడు.

 నర్సన్న నెమ్మదిగా గొడుగును స్తంభానికి ఆనించి, మెట్లు దిగి, సాయవ్వ ముందుకు వచ్చాడు. ఆమె కాళ్ళ వైపే చూస్తూ అన్నాడు.

"తవ్వియ్యకు అక్కా. బొందల తుకారాం లేడు. మొన్న పొద్దుగూకంగ నేనే తవ్వి..."